ఎర్ర మూత సిరంజి

కిందటి ఏడాది కార్తీకమాసంలో ఒకనాటి తెల్లవారుజామున స్నానాలగదిలో కాలు జారి పడ్డాను. ఎడమ తుంటి దగ్గర తొడ ఎముక మెడ విరిగింది. మర్నాడే ఆపరేషన్ చేసి, విరిగిన ఎముక తలను తీసి, దాని స్థానంలో లోహపు బంతిని అమర్చారు. ఆరో రోజున ఇంటికి పంపారు. ఆసుపత్రిలో అన్నీ ఎవరో ఒకరు చూసుకున్నారు కనుక ఆ రోజుల గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. అసలు కథ హనుమకొండలోని మా ఇంటికి చేరాక మొదలైంది.

నాకు 66 ఏళ్లు, మా వారికి 72. నన్ను లేవదీసి కమోడ్ మీద కూర్చోబెట్టే శక్తి ఆయనకు లేదు. మా అబ్బాయి బెంగళూరు నుంచే వాకబు చేసి, ఇళ్లకు మనుషులను పంపే ఒక ఏజెన్సీని మాట్లాడాడు. ఆ రోజు మేము వాళ్లను అడిగిన ప్రశ్నలు తలచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది: నెలకు ఎంత, ఏ ఊరి పిల్ల, మాంసం తింటుందా, రాత్రి కూడా ఉంటుందా. ‘నర్సును పంపుతున్నాం’ అన్నారు, సరే అన్నాం. మన ఇళ్లలో తెల్ల కోటు వేసుకుని వచ్చిన ఆడపిల్ల ఎవరైనా నర్సే కదా! మూడేళ్ల జీఎన్ఎం కోర్సో, రెండేళ్ల ఏఎన్ఎం కోర్సో చదివి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్నవారు వేరు. రోగికి ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, నడిపించడం కొద్ది నెలల శిక్షణలో నేర్చుకున్న జనరల్ డ్యూటీ అసిస్టెంట్లు వేరు. వీరి పని తక్కువదని నేను అనను, నన్ను కాళ్ల మీద నిలబెట్టింది వారే. కానీ ఇంజెక్షన్ వారి పని కాదు.

వచ్చిన అమ్మాయి మంచి పిల్ల. నన్ను ‘అమ్మమ్మా’ అని పిలిచేది. నేను వాకర్ పట్టుకుని అడుగు వేస్తుంటే నా నడుముకు చేయి ఆనించి పక్కనే నడిచేది. కాలు మీద కాలు వేయబోతే, వేయకూడదని గుర్తు చేసేది. ఏజెన్సీ వాళ్లు వారానికొకసారి ఫోన్ చేసి సర్వీస్ ఎలా ఉందని అడిగితే మా వారు ‘బంగారం లాంటి పిల్ల’ అని చెప్పేవారు. అందులో అబద్ధం లేదు. అయితే వాళ్లు అడగవలసిన ప్రశ్న అది కాదు, మేము చెప్పవలసిన జవాబూ అది కాదు.

నాకు 19 ఏళ్లుగా మధుమేహం ఉంది. ఇంతకుముందు నేను వాడిన ఇన్సులిన్ సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండేవి, దానికి ఎర్ర మూత సిరంజి. ఆపరేషన్ తరువాత రాత్రిపూట గ్లార్జిన్ అనే వేరే రకం ఇన్సులిన్ 12 యూనిట్లు రాశారు. ఆ సీసాలో మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటాయి, దానికి నారింజ మూత సిరంజి వాడాలి. ఆసుపత్రిలో ఇచ్చిన నారింజ మూత సిరంజిలు మూడో వారంలో అయిపోయాయి. ఫ్రిజ్ తలుపు అరలో పాత ఎర్ర మూత ప్యాకెట్ కనబడితే ఆ అమ్మాయి అందులోంచి ఒకటి తీసి, జాగ్రత్తగా 12వ గీత దాకా మందు లాగి, నా పొట్టకు ఇచ్చింది. గీత తప్పలేదు, సిరంజి తప్పింది.

రాత్రి మూడున్నరకు మెలకువ వచ్చేసరికి నైటీ తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. గుండె దడదడలాడుతోంది, పిలుద్దామంటే నాలుక తిరగడం లేదు. మంచం చప్పుడుకు ఆ అమ్మాయే లేచి లైటు వేసి, గ్లూకోమీటర్‌తో చూస్తే 48. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించింది. పావుగంటకు 74కు వచ్చింది, గంటన్నరకు మళ్లీ 59కి పడింది. ఆ మందు ఒక రోజంతా పనిచేస్తుంది కనుక ఒకసారి పంచదార తాగితే సరిపోదని, మర్నాటి రాత్రి దాకా గంట గంటకూ చూస్తూ, కొంచెం కొంచెంగా తినిపిస్తూ ఉండాలని డాక్టరు గారు ఫోన్లో చెప్పారు.

పొద్దున మా వారు చెత్తబుట్టలోంచి సిరంజి తీసి, క్యాలెండర్ కాగితం వెనుక లెక్క వేశారు. ఆయన విద్యుత్ శాఖలో ఉద్యోగమంతా లెక్కల విభాగంలోనే చేశారు. ఎర్ర మూత సిరంజిలో 12 గీతలంటే 0.3 మిల్లీలీటరు. ఆ సీసాలోంచి 0.3 తీస్తే 30 యూనిట్లు. నాకు పడవలసిన దానికి రెండున్నర రెట్లు.

ఏజెన్సీకి చెబితే ‘రేపటికల్లా వేరే అమ్మాయిని పంపిస్తాం మేడమ్’ అన్నారు. ఏం జరిగిందని అడగలేదు, ఎక్కడా రాసుకోలేదు. ఇన్సులిన్ ఇవ్వడం ఆమెకు ఎవరు నేర్పారని నేనే అడిగితే అవతలి మనిషి మాట మార్చాడు. ఆ పిల్ల వంటింటి గడపలో కూర్చుని, జీతం కోస్తారేమోనని ఏడ్చింది. మా ఇంటికి వచ్చి 17 రోజులైంది, ఒక్క పూట సెలవు లేదు, రాత్రింబగళ్లూ డ్యూటీయే. రాత్రి కూడా ఉండాలని పట్టుబట్టింది మేమే. పాత ప్యాకెట్ పారేయకుండా ఫ్రిజ్‌లో దాచిందీ నేనే.

రెండో ఏజెన్సీ నెలకు ఆరు వేలు ఎక్కువ అడిగింది. అయితే సహాయకురాలిని పంపడానికి ముందు ఒక నర్సు వచ్చి, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కార్డు తానే చూపించి, గంటన్నర సేపు ఇల్లంతా పరిశీలించింది. డిశ్చార్జ్ కాగితాలు చదివింది, ఫ్రిజ్ తెరిచి మందులన్నీ బయట పెట్టింది, వాకర్‌ను తలకిందులు చేసి అరిగిన రబ్బరు బుష్షులు మార్చమంది. తరువాత నా దుప్పటి తొలగించి, ఎడమ మడమ మీద ఎర్రగా ఉన్న చోట బొటనవేలితో నొక్కి వదిలింది. వేలు తీశాక అక్కడ తెల్లబడాలట, తెల్లబడలేదు. అది మంచం పుండుకు మొదటి మెట్టు. మూడు వారాలుగా రోజూ నా కాళ్లు తుడిచినా అది ఎవరి కంటా పడలేదు. పిక్కల కింద దిండు పెట్టి, మడమలు పరుపుకు ఆనకుండా ఆమె అక్కడికక్కడే సర్దింది.

వెళ్లేముందు ఒక ఫైలు ఇచ్చింది. సహాయకురాలు చేయవలసినవి, చేయకూడనివి రెండు వరుసల్లో రాసి ఉన్నాయి. చేయకూడనివాటిలో మొదటిది ఇంజెక్షన్. ఇన్సులిన్ పెన్ను వాడడం మా వారికి నేర్పించింది. ‘ఈ రాత్రి పదకొండింటికి మా నంబరుకు ఊరికే ఒకసారి ఫోన్ చేసి చూడండమ్మా, ఎత్తుతామో లేదో’ అంది. చేశాం. మూడో రింగుకు ఎత్తారు. ఆ ఫోన్ తరువాతే నాకు నిద్ర పట్టింది.

మడమ పది రోజుల్లో మామూలు రంగుకు వచ్చింది. సంక్రాంతి నాటికి ఇంట్లో వాకర్ వదిలి చేతికర్రతో తిరిగాను. శివరాత్రికి వీధి చివరి గుడి దాకా నడిచి వెళ్లాను.

అంతకు కొద్ది రోజుల ముందు ఆ మొదటి అమ్మాయి ఫోన్ చేసింది. అదే ఏజెన్సీ ఆమెను వేరే ఇంటికి పంపిందట. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. ‘అమ్మమ్మా, ఇక్కడ నారింజ మూత సిరంజిలున్నాయి. సీసా మీద నలభై అని ఉంది. ఇవ్వొచ్చా?’

‘వద్దు తల్లీ, సూది పక్కన పెట్టు. ఆ ఇంటివాళ్లను పిలిచి, ఇప్పుడే వాళ్ల డాక్టరుకు ఫోన్ చేయమను’ అన్నాను. ఆమె వాళ్లను పిలవడం వినిపించేదాకా ఫోన్ పెట్టలేదు.