ముసలామె అడిగిన కౌగిలింత

ఆగస్టు 2న కువైట్‌లో మా కఫీల్, అంటే నన్ను పనికి పెట్టుకున్న యజమాని, వాళ్ళమ్మని ఆస్పత్రికి తీసుకుపోతా ఉంటే కార్లో రేడియోవాళ్ళు 1990లో ఇదే రోజు ఇరాక్ సద్దాం సైన్యం కువైట్‌ని ఆక్రమించుకున్న సంగతి చెప్తా ఉన్నారు. నేను ఊరికే ఉండకుండా నాకొచ్చిన అరబ్బీలో, మా ఇండియా ఒకరి గొడవలోకి పోదమ్మా అన్నా. ఆమె అద్దంలో నన్నే చూస్తా, "అవును, మా కువైట్‌ని మింగినోణ్ణి మీ మంత్రి కౌగిలించుకున్నాడు" అనింది. ఆస్పత్రి దాకా మళ్ళీ మాట లేదు.

పద్నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో హౌస్ డ్రైవర్ని, ఒక్కరోజు కూడా ఆమె నన్ను ఒక మాట అనలేదు. రాత్రి నిద్ర పట్టలా. అప్పటి మన విదేశాంగ మంత్రి గుజ్రాల్ గారు బాగ్దాద్ పోయింది, సద్దాం ఆయన్ని కౌగిలించుకుంది నిజమే. కానీ అప్పుడు కువైట్‌లో ఇరుక్కున్న మనోళ్ళు లక్షా 70 వేల మందికి పైనే, వాళ్ళలో మా మామ ఒకడు, బాగ్దాద్ మీదుగా బస్సులో అమ్మాన్ చేరి, ఎయిరిండియా విమానంలో బొంబాయిలో దిగి, చిత్తూరు బస్టాండుకొచ్చేసరికి చేతిలో ఒక దుప్పటి. సద్దాంతో మాట్లాడకుంటే మామ ఇల్లు చేరుండునా? ఇదంతా ఆమెకి చెప్పాలని అరబ్బీ మాటలు కూర్చుకుంటా పడుకున్నా.

అయితే అందరూ మనలాగే తమ మనుషుల్ని తెచ్చుకోని తలుపేసుకోనుంటే కువైట్‌ని ఎవరు ఇప్పిస్తారు? ఇరాక్‌ని బలం వాడైనా వెళ్ళగొట్టొచ్చని ఐక్యరాజ్యసమితి 678 తీర్మానం చేసి, 30కి పైగా దేశాలు కలిసొస్తేనే కదా 1991 ఫిబ్రవరిలో ఇరాక్ సైన్యం పోయింది, అదీ 600కి పైగా చమురు బావులు అంటించి. ఇంటోడు పిలిచినాడు, పోయినారు, పని అయినాక బాగ్దాద్ దాకా పోకుండా ఆగినారు, అది న్యాయమే అంటాను నేను. మనం మాత్రం 1971లో, కోటిమంది శరణార్థులొచ్చినాక, బంగ్లాదేశ్‌కి పోలేదా? ఆమెతో నేనన్నదే తప్పు.

2003లో అమెరికా ఇరాక్ మీదికి పోయింది మాత్రం నాకు మింగుడు పడదు. భద్రతా మండలి ఒప్పుకోలేదు, ఉన్నాయన్న ఆయుధాలు దొరకలేదు, ఎంతమంది ఇరాకీలు పోయినారు. కానీ ఆ మాట ఆమె ముందర అనలేను. ఆమె తమ్ముణ్ణి 1990లో ఇరాక్ సైనికులు పట్టుకుపోయినారు, లెక్క తేలని 600 మందిలో ఒకడు. సద్దాం పడినాకే ఇరాక్ ఎడారిలో గుంతలు తవ్వితే ఎముకలు దొరికినాయి. హాల్లో ఆ పిల్లోడి ఫొటో ఉండాది, అప్పుడప్పుడే మీసం వస్తా ఉండే మొహం. దాన్ని రోజూ ఆమే తుడుస్తాది, పనామెను ముట్టుకోనీదు.

లీవులో చిత్తూరొచ్చి మామకి చెప్పినా. "ఎవుని కొంప వాడు చూసుకోవాల అబ్బోడా, నా దుడ్లన్నీ ఆడే పాయె" అని మొదలుపెట్టినోడు ఫొటో మాట వినేసరికి ఆగిపోయినాడు. చాలాసేపు టీ గ్లాసు తిప్పుతా కూర్చున్నాడు.

"నేను పనిచేసిన ఇంట్లో కూడా ఆ వయసు పిల్లోడొకడు ఉండె. బస్సెక్కే రోజు రొట్టెలు మూటగట్టిచ్చినాడు. వాడేమైనాడో నేను ఈరోజుకీ ఎవర్నీ అడగలేదురా."