సొసైటీ నివేదికను నా కంప్యూటరు చదివిన వైనం

మొన్న మా సహకార సొసైటీ మహాజన సభ ముగిసినప్పటి నుంచి నాకు ఫోన్లు ఆగడం లేదు. "మీ కంప్యూటరు పైకి చదువుతుందటగా, మా నాన్నగారికీ చూపు తగ్గింది, ఏం కొనాలి?" అని ఒకరు. "ఆ ఫాంటు గొడవ అసలేమిటండీ?" అని ఇంకొకరు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక, కోపం ఇంకా చల్లారకముందే ఇక్కడ రాసేస్తున్నాను.

అంబాజీపేటలో నాది కొబ్బరి కమీషన్ వ్యాపారం. కంటి వెనక మాక్యులా అనే భాగం దెబ్బతినే జబ్బు నాకుంది. పూర్తిగా చీకటి కాదు, అంచుల్లో చూపు ఉంటుంది, మధ్యలో ఉండదు. మీరు ఎదురుగా కూర్చుంటే మీ ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ, మీ చెవి పక్కన గోడ మీది క్యాలెండరు మాత్రం చక్కగా కనిపిస్తాయి. మీ ముఖం చూడాలంటే నేను మీ భుజం వైపు చూడాలి. అందుకని కొందరు నాకు పొగరు అనుకుంటారు. కొందరు "గట్టు మీద ఒక్కడే నడిచి వస్తాడు, కాగితం మాత్రం కనబడదట" అని నవ్వుకుంటారు. ఈ రెండో రకం వాళ్ళు ఆఫీసుల్లో ఎక్కువ. ధ్రువపత్రం సంగతి అడగకండి, అది వచ్చింది. వైకల్యం 40 శాతం ఉంటేనే చాలా సదుపాయాలు వర్తిస్తాయి, అంతవరకు తెలిస్తే చాలు.

ముందు ఏదీ కొనకండి. అమలాపురంలో ఒక కంప్యూటర్ల దుకాణం వారు నాకు పెద్ద తెర, పెద్ద అక్షరాల కీబోర్డు, ఇంకేదో ఖరీదైన సాఫ్ట్‌వేర్ అంటగట్టబోయారు. విండోస్ ఉన్న ప్రతి కంప్యూటరులోనూ మాగ్నిఫయర్ ముందే ఉంటుంది. విండోస్ మీట పట్టుకుని ప్లస్ నొక్కితే తెర పెద్దదవుతుంది, మైనస్ నొక్కితే తగ్గుతుంది, విండోస్ మీటతో ఎస్కేప్ నొక్కితే మూసుకుంటుంది. కంట్రోల్, ఆల్ట్, ఐ కలిపి నొక్కితే రంగులు తిరగబడి నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వస్తాయి. కళ్ళకు ఎంత హాయో చెప్పలేను. ఫోటోలు మాత్రం దెయ్యాల్లా కనిపిస్తాయి, పట్టించుకోకండి.

దీనితో చిక్కు ఒకటుంది. 200 శాతానికి పెంచితే తెరలో నాలుగో వంతే కనిపిస్తుంది. 400కు పెంచితే పదహారో వంతు. ఇంగ్లీషు 200లో చదవగలను కానీ తెలుగుకు అది చాలదు. అక్షరం కింద ఒత్తు, దాని కింద మళ్ళీ ఇంకో ఒత్తు వేలాడుతుంటాయి, అవి విడివిడిగా తెలియాలంటే ఇంకా పెంచాలి. పెంచితే వరుస చివరికి వెళ్ళి తిరిగి మొదటికి వచ్చేసరికి ఏ వరుసలో ఉన్నానో దారి తప్పుతుంది. ఒక పేజీ చదివితే మెడ పట్టేస్తుంది. చిల్లర పనులకు మాగ్నిఫయర్, పేజీలకు చెవులు అని నేను విభజించుకున్నది అందుకే.

చెవులకు ఎన్‌వీడీఏ, అంటే తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఉచితం. మైకేల్ కరన్ అనే, చూపులేని ఆస్ట్రేలియా కుర్రవాడు 2006లో మొదలుపెట్టాడు దీన్ని. వేలకు వేలు పోసి కొనాల్సిన సాఫ్ట్‌వేర్ చేసే పనుల్లో నాకు కావలసినవన్నీ ఇది చేస్తుంది. దానితోపాటే ఈస్పీక్ అనే గొంతు వస్తుంది, అందులో తెలుగును ఎంచుకోవాలి. గొంతు మధురంగా ఉంటుందని ఆశపడకండి, రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. వారం పది రోజుల్లో అలవాటవుతుంది. ఇన్సర్ట్ పట్టుకుని కింది బాణం నొక్కితే ఆపకుండా చదువుతుంది. కంట్రోల్ నొక్కితే నోరు మూస్తుంది, అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదే. వెబ్ పేజీల్లో హెచ్ నొక్కుతూ పోతే శీర్షిక నుంచి శీర్షికకు దూకుతుంది.

మా మేనల్లుడు హైదరాబాదు నుంచి ఫోనులో చెబుతూ ఉంటే నేను కూర్చుని నేర్చుకున్నాను. "కొత్త ఫోను కొనుక్కో మామయ్యా, కంప్యూటరెందుకు" అని నస పెట్టాడు కానీ వినలేదు. టైపింగ్ కూడా ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో నేర్చుకున్నాను. కె మీద క, జె మీద ర, ఎల్ మీద త, డి మీద పొల్లు. గుణింతాలు దాదాపు అన్నీ ఎడమ చేతికి వస్తాయి. ఎఫ్, జె మీటల మీద చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి, వాటి మీద చూపుడు వేళ్ళు ఆనిస్తే కీబోర్డు చూడనక్కర్లేదు. మా వీధిలో కళ్ళున్న కుర్రాళ్ళ కంటే నేను వేగంగా కొడతాను. పొద్దున్నే తెలుగు పత్రికల వెబ్‌సైట్లు తెరిచి మా అంబాజీపేట మార్కెట్ ధరలు వింటాను. కురిడీ కొబ్బరి పాతవి, గండేరా రకం వెయ్యి ఇంత, గటగటా రకం వెయ్యి ఇంత. "గటగటా" అన్న మాటను ఆ యంత్రం పలికే తీరు వింటే మా గుమస్తాకు ఇప్పటికీ నవ్వు ఆగదు.

ఇంతవరకు అంతా బాగానే జరిగింది.

మా సొసైటీలో నేను పాత సభ్యుణ్ణి. ఏటా సభ ముందు నివేదిక, ఆడిట్ లెక్కలు పంచుతారు. నేను ఎప్పుడు అడిగినా "మీకెందుకండీ శ్రమ, ముఖ్యమైనవి మేం చెబుతాం కదా" అనేవారు సెక్రటరీ. ముఖ్యమైనవేవో ఆయనే తేల్చేస్తారన్నమాట. గత ఏడాది సభకు ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో నివేదిక పీడీఎఫ్ వచ్చింది. తెరిచి పైపైన మాగ్నిఫయర్‌లో చూశాను, శుభ్రమైన తెలుగు అక్షరాలు. ఇక తిరుగేముంది, ఈసారి సభలోనే నా కంప్యూటరు చేత చదివిస్తాను, అందరూ వింటారు అని ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను.

అధ్యక్షులవారు మైకు ఇచ్చారు. ల్యాప్‌టాప్ స్పీకరు దగ్గర మైకు పెట్టి, ఇన్సర్ట్ పట్టుకుని కింది బాణం నొక్కాను.

ఒక్క తెలుగు ముక్క రాలేదు. అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, నడుమ ఏవేవో గుర్తుల పేర్లు, మళ్ళీ అక్షరాలు. ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. అదే గోల. గొంతు మార్చాను, వేగం తగ్గించాను. అదే గోల, కాకపోతే నెమ్మదిగా. సభ మొత్తం విరగబడి నవ్వింది. సెక్రటరీగారు మైకు తీసుకుని, "షావుకారుగారూ, కంప్యూటరుకు కూడా కళ్ళు పోయినట్టున్నాయి, ఇలా ఇవ్వండి నేను చదువుతాను" అన్నారు. ఆ నవ్వుల్లో నా పక్కన కూర్చున్న మా పాలివాళ్ళ నవ్వు కూడా గుర్తుపట్టాను. చూపు తగ్గినవాడికి గొంతులు బాగా గుర్తుంటాయి.

ఇంటికొచ్చి అదే యంత్రంలో పత్రిక తెరిస్తే గండేరా, గటగటా అని గడగడా చదివింది. సొసైటీ కాగితం పెట్టగానే మళ్ళీ పిచ్చి కూతలు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేశాను. గొంతులన్నీ మార్చాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

గుట్టు విప్పింది మేనల్లుడే. "ఆ పీడీఎఫ్‌లో ఒక వరుస కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టు మామయ్యా" అన్నాడు. పెట్టి మాగ్నిఫయర్‌తో చూస్తే తెలుగు లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, నెత్తిన చుక్కలూ తోకలూ ఉన్నవి.

సంగతి ఇది. కంప్యూటరులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. అన్ని భాషలకూ కలిపి ఆ సంఖ్యలిచ్చే ఉమ్మడి పట్టిక యూనికోడ్. అందులో తెలుగుకు 128 స్థానాల సొంత వరుస ఉంది, 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే ఇచ్చారు. పాత డీటీపీ ఫాంట్లు ఆ వరుసను వాడవు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు గీసి పెట్టుకున్నాయి, తలకట్టు ఒకచోట, ఒత్తు ఒకచోట. కంటికి తెలుగే. లోపల మాత్రం ఇంగ్లీషు. మాగ్నిఫయర్ బొమ్మను పెంచి చూపిస్తుంది కాబట్టి దానికి తేడా తెలియదు. ఎన్‌వీడీఏ బొమ్మను చూడదు, లోపలి సంఖ్యను చదువుతుంది. నిజానికి ఆ సభలో ఉన్నదున్నట్టు చదివింది అదొక్కటే.

ఆ ఫాంట్లను తిట్టను. యూనికోడ్ మన కంప్యూటర్లకు చేరని రోజుల్లో తెలుగు అచ్చు పని వాటి మీదే నడిచింది. ఇప్పటికీ వాటినే పట్టుకు వేలాడేవారి మీదే నా కోపం. నివేదిక కొట్టిన డీటీపీ ఆయన దగ్గరకు వెళ్ళి యూనికోడ్‌లో కొట్టమని అడిగాను. తెర నా వైపు తిప్పి, "చూడండి, తెలుగే కదండీ, పాతికేళ్ళుగా ఇంతే" అన్నాడు. సెక్రటరీగారికి ఉత్తరం రాశాను, 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ప్రకారం సమాచారం అందరికీ అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలని. "మేం ప్రభుత్వం కాదు కదండీ" అన్నారు. అన్నారే గాని, వేలిముద్ర కావాలన్నా ఆధార్ కావాలన్నా వాళ్ళే ప్రభుత్వంలా అడుగుతారు.

చివరికి దారి దొరికింది డీటీపీ కుర్రాడి దగ్గరే. యజమాని లేనప్పుడు వెళ్ళి, ఈ ఏడాది నివేదిక వర్డ్ ఫైలు అడిగి తీసుకున్నాను. పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఉన్నాయి, వర్డ్ ఫైలయితే చాలావరకు సరిగ్గా మారుస్తాయి, ఒత్తుల దగ్గర కొంచెం తడబడతాయి. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే కొన్ని ముక్కలు రాలిపోతాయి. నా ప్రతి నేను మార్చుకున్నాను. మార్చని అసలు ఫైలును అధ్యక్షులవారి ఫోనుకు పంపాను.

సభ ఇంకా మొదలవలేదు. ఆయన ఫోను తెరిచి, కళ్ళద్దాలు సర్దుకుని, "ఇదేమిటి షావుకారుగారూ, అన్నీ పిచ్చి గీతలు, ఫైలు పాడైనట్టుంది" అన్నారు. ఆయన ఫోనులో ఆ ఫాంటు లేదు మరి.

"పాడవలేదండీ. పోయినేడు మీరంతా నవ్వింది దీనికే" అన్నాను.

ఆయన ఫోను సెక్రటరీగారి చేతికిచ్చారు. సెక్రటరీగారు పైకీ కిందికీ జరిపి చూశారు, పక్కవారికిచ్చారు. మొత్తం వేదిక మీద ఒక్కరు కూడా చదవలేకపోయారు. అప్పుడు నేను మార్చిన ప్రతిని కంప్యూటరు చేత మొదటి పేజీ నుంచి చదివించాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. వచ్చే నోటీసు నుంచి యూనికోడ్‌లోనే కొట్టించాలని అక్కడికక్కడే తీర్మానం రాశారు. నేను ఊరుకోలేదు, తీర్మానాన్నే యూనికోడ్‌లో పంపమన్నాను. పంపారు.

లెక్కల పట్టికలు మాత్రం ఇంకా ఫోటోలుగానే వస్తున్నాయి. వాటిని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు మాటలు బాగానే వస్తాయి, అంకెలను నమ్మకండి. 3 ఒక్కోసారి 8 అవుతుంది. మాటలు చెవులతో విని, అంకెలు ఒక్కొక్కటీ మాగ్నిఫయర్‌లో సరిచూసుకుంటాను. ఎరువుల ఖాతాలో కూడిక తప్పు దొరికింది అలాగే, కళ్ళున్నవారు ఇంతమంది సంతకాలు పెట్టాక. ఫోన్ చేసి చెబితే సవరించి పంపిస్తామన్నారు సెక్రటరీగారు. ఫోటో వద్దండీ, ఎక్సెల్‌లోనే పంపండి అన్నాను. తప్పకుండా అన్నారు. సాయంత్రానికి వాట్సాప్‌లో వచ్చింది, ఫోటోనే, ఈసారి కాస్త వంకరగా తీసినది.