పెట్టుకోని నామం

ఈరోజు తమిళ నెల పెరటాసిలో మూడో శనివారం. ఇంట్లో వెంకటేశ్వరస్వామికి తళిగ వేశాం, అంటే అరిటాకుల్లో నైవేద్యం పెట్టి చేసే పూజ. తెల్లవారకముందే లేచి తడిబియ్యం మిక్సీకి వేసి, బెల్లం కలిపి పిండి దీపాలు చేసుకున్నాను. ఈ పనంటే నాకెంతో ఇష్టం. టెన్షనంతా మా అబ్బోడి నుదుటి గురించే.

వాడికి ఇంటర్ రెండో సంవత్సరం. కొన్నాళ్లుగా నామం పెట్టుకోనంటున్నాడు. "నాకు నమ్మకం కుదర్లేదమ్మా. కుదరకుండా పెట్టుకుంటే నటించినట్టుంటుంది" అన్నాడు, గొడవేం లేకుండా, మెల్లగానే.

అత్తమ్మ ఒప్పుకోలేదు. తిరుమణి, అదే నామానికి వాడే తెల్లమట్టి, తడిపిన గిన్నెతో వాడి గది ముందు నిలబడ్డారు. "నమ్మితే నమ్మనీ, లేకుంటే లేదు. పదిమంది వస్తారు, ఈ పూటకు పెట్టుకోమను. పెంపకం ఇట్లాంటిది అంటారు."

నాకు కష్టమనిపించింది ఆ మాటే. నమ్మకపోయినా పర్లేదంట, నామం కనిపిస్తే చాలంట! నేను నమ్మేదాన్ని. తిరుమల కొండవైపు తిరిగి దండం పెట్టుకోందే గడప దాటను. వచ్చినోళ్ల కళ్ల కోసం పెట్టే నామం ఆ స్వామికి దేనికి?

పెళ్లైన కొత్తలో అత్తమ్మే నాకో కథ చెప్పారు. తొండమాన్ చక్రవర్తి బంగారు పూలతో పూజ చేస్తే, స్వామి పాదాల దగ్గర మట్టి పూలు కనిపించాయట. ఎవరివా అని వెతికిస్తే కుమ్మరి భీముడివి. సారె మీద కుండలు చేస్తూనే, చేతికంటిన మట్టితో పూలు చేసి ఇంట్లోని కొయ్య స్వామికి పెట్టుకునేవాడట. ఇప్పటికీ కొండమీద గుడిలో గర్భగుడి గడప కులశేఖరపడి దాటి లోపలికెళ్లే నైవేద్యం పగిలిన కుండ ఓడులో పెట్టే పెరుగన్నమే. మిగతావన్నీ పడికి ఇవతలే.

ఆ కథే గుర్తు చేశాను. అత్తమ్మ ఏమీ అనకుండా గిన్నె తీసుకెళ్లి పూజగదిలో పెట్టేశారు.

వాడు తలస్నానం చేసొచ్చి అరిటాకులు కడిగాడు. గోవింద కొట్టేటప్పుడు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, నోరు మెదపలేదు. తర్వాత పంక్తిలో అందరికీ వాడే వడ్డించాడు. మోకాళ్ల నొప్పితో లేవలేకపోతుంటే వాళ్ల అవ్వను చెయ్యిపట్టి లేపాడు. చిన్నమామ అడగనే అడిగారు, "ఏందిరా, నామం లేదే?" అని. వాడు నావైపు చూశాడు.

"మనసుకు అనిపించినప్పుడు పెట్టుకుంటాడు మామా" అన్నాను.

సాయంత్రం గిన్నెలు సర్దుతుంటే అత్తమ్మ, "వచ్చే వారం మా చెల్లెలోళ్లు వస్తారు. అప్పుడైనా..." అన్నారు.

"అప్పుడూ ఇంతే అత్తమ్మా" అన్నాను.