రంపం బ్లేడు కోసం రాణీగంజ్‌లో నా పాట్లు

రంపానికి కొత్త బ్లేడు పడింది. చేతులకు మెషిన్ ఆయిల్ వాసన ఇంకా పోలేదు, కోపం అంతకన్నా పోలేదు. అందుకే వేడి మీదే రాసేస్తున్నా.

మాది మల్కాజిగిరి. పెరట్లో మామిడి, జామ, మునగ ఉన్నాయి. మామిడి కాపు దిగిపోయాక ఎండు కొమ్మలు, గుబురులోకి పెరిగినవి తీసెయ్యడం ఏళ్ళుగా నా పనే. మావారికి నిచ్చెన రెండో మెట్టు ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. నా దగ్గరున్నది మడత రంపం, లాగితే కోసే రకం. దాని పళ్ళు పిడి వైపు వాలి ఉంటాయి. మన వైపు లాగినప్పుడే తెగుతుంది, తిరిగి పంపేటప్పుడు బలం పెట్టకూడదు. లాగేటప్పుడు రేకు బిగుసుకుంటుంది కాబట్టి పల్చగా చేసినా వంగదు. అదే తోస్తే వంగిపోతుంది. నిరుడు కొమ్మలు కొట్టడానికి పిలిచిన కుర్రాడికి ఈ మాట చెబితే "నాకు తెల్వదా అమ్మా" అన్నాడు. బలమంతా పెట్టి తోసి, కొన దగ్గర వంకర తెప్పించి పోయాడు. కూలి మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు.

ఈసారి మామిడి కొమ్మ మీద పెడితే రవ్వలా రాలాల్సిన పొట్టు పిండిలా వస్తోంది, కోత పక్కకి పోతోంది. బంక పట్టిందేమోనని టర్పెంటైన్‌తో, పాత టూత్ బ్రష్‌తో రుద్దాను. చాలాసార్లు జబ్బు అంతే ఉంటుంది. ఈసారి కాదు.

వీధిలోకి సైకిల్ మీద సాన పట్టే అతను వస్తే చూపించాను. చక్రం మీద పెట్టబోతే వద్దన్నాను. పళ్ళు వేడెక్కితే ఉన్న పదును కూడా పోతుంది. సంచిలోంచి ముక్కోణపు ఆకురాయి తీసి పిడి దగ్గరి పన్ను మీద ఒక్కసారి లాగాడు. కీచుమని జారిపోయింది. పన్ను మీద గీత లేదు, ఆకురాయి మీద మాత్రం తళతళ మెరిసే చార పడింది. "ఇది నా రాయినే తింటదమ్మా" అని నవ్వి, డబ్బులిస్తే తీసుకోలేదు. పెద్ద షాపుల్లో లేని నిజాయితీ ఇలాంటివాళ్ళ దగ్గరే మిగిలింది.

ఇక రాణీగంజ్, సికింద్రాబాద్‌లో హార్డ్‌వేర్ షాపుల బజారు. బ్లేడు విప్పి, పాత తువ్వాల్లో చుట్టి పట్టుకెళ్ళాను. సంచి మొయ్యడానికి మావారు వచ్చారు. అదే నా కొంప ముంచింది.

పెద్ద షాపే. పేరు చెప్పను. కౌంటర్ ముందు నిలబడి బ్లేడు తీసి, "దీనికి మార్చే బ్లేడు కావాలి" అన్నాను. ఓనరు నా తల మీదుగా చూసి, "చెప్పండి సార్, ఏం గావాలె?" అన్నాడు. మావారు "నాకేం తెలీదండీ, ఆవిణ్ణే అడగండి" అన్నారు. దాంతో ఓనరుకి హుషారొచ్చింది. "ఇంట్ల హుకుం మేడమ్‌దేనన్నట్టు!" అన్నాడు. పక్కన ప్లంబింగ్ సామాను కొంటున్నవాళ్ళు కూడా నవ్వారు.

కుర్రాణ్ణి కేకేస్తే వాడు తెచ్చిందేమిటి? హ్యాక్సా బ్లేడు! ఇనుము కోసేది! కాదు బాబూ అంటే, ఓనరు నా బ్లేడు లాక్కుని, బొటనవేలితో పళ్ళు తడిమి, "తేజే ఉంది గదా సార్" అని మావారికే చెప్పాడు. అంతటితో ఆగితే బాగుండేది. కౌంటర్ పక్కనున్న చెక్క ముక్క మీద పెట్టి, పిడి లేని బ్లేడుని గుడ్డతో పట్టుకుని తోశాడు. అది విల్లులా వంగింది. "మాలే ఖరాబ్ సార్, కొత్త రంపం తీసుకోండి" అని గోడకున్న వడ్రంగి రంపం చూపించాడు. నేను అతని చేతిలోంచి బ్లేడు తీసుకుని, అదే చెక్క మీద నా వైపు లాగి చూపించాను. పదును పోయినా గాటు పడింది. నవ్విన వాళ్ళు ఊరుకున్నారు. ఓనరు మాత్రం, "మేడమ్, ఇవన్నీ మీకెందుకు? సార్ చూస్కుంటడు" అన్నాడు. ముప్పై ఏళ్ళు బ్యాంకు కౌంటర్‌లో కూర్చుని ఇలాంటి ఓనర్ల చెక్కులు తిప్పి పంపినదాన్ని నేను. నోటికొచ్చింది అనేసి బయటికొచ్చాను. మావారు "పోనీలే" అన్నారు. ఆ పోనీలే గురించి ఇంటికొచ్చాక విడిగా మాట్లాడుకున్నాం.

అదే సందులో, చివర చిన్న కొట్టు. పెద్దాయన కళ్ళద్దాలు పైకి జరిపి, పళ్ళని వెలుతురుకి పెట్టి చూశాడు. "పళ్ళ కొసలు నీలం నలుపుగా ఉన్నయ్ జూసినవా బిడ్డా? ఇవి కాల్చిన పళ్ళు. వీటికి ఆకురాయి పట్టది, బ్లేడే మార్చాలె" అన్నాడు. ఫ్యాక్టరీలో హై ఫ్రీక్వెన్సీ కరెంటుతో పళ్ళ కొసల్ని మాత్రమే క్షణంలో వేడెక్కించి చల్లారుస్తారు. పళ్ళు ఆకురాయికి లొంగనంత గట్టిబడతాయి, మిగతా రేకు మాత్రం విరిగిపోకుండా సాగుడుగా ఉంటుంది. ఎక్కువ కాలం పదును నిలుస్తుంది, పోయాక మాత్రం మార్చడమే. కొసలు మామూలు రంగులో ఉండి, ఆకురాయి పట్టుకుంటే అది సాన పట్టదగ్గ రంపం. దానికైనా పలచటి అంచుల ఆకురాయి కావాలి. ఈ పళ్ళ సందులు ఇరుకు, ముక్కోణపుది దిగదు.

అటకెక్కిన కుర్రాడు బ్లేడు దించాడు. పాతదాని మీద పెట్టి పొడవు, బోల్టు రంధ్రం, లాక్ గాడి మూడూ సరిచూశాకే డబ్బిచ్చాను. కొత్త రంపం ధరలో సగం పైనే పడింది. ఆన్‌లైన్‌లో "అన్ని రంపాలకూ సరిపోతుంది" అని రాసేవాళ్ళని నమ్మకండి. రంధ్రం కాస్త తేడా వచ్చినా ఊగుతుంది.

బిగించడం ఎంతసేపు? విప్పేటప్పుడే వాషర్ల వరస ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకున్నా. పళ్ళకి గుడ్డ చుట్టి, బోల్టుకి చుక్క ఆయిల్ వేసి, బ్లేడు అటూ ఇటూ ఊగకుండా, అలాగని మడతకి బిగుసుకోకుండా తిప్పాను.

సాయంత్రం మామిడికి మణికట్టు లావు కొమ్మ. బెరడు చీలకుండా ముందు కింద నుంచి కొద్దిగా కోసి, తర్వాత పై నుంచి లాగాను. చెమట పట్టేలోపే కింద పడింది. గోడ మీంచి చూస్తున్న పక్కింటాయన "ఒక్కరోజు ఇస్తారా మేడమ్" అన్నారు. ఇవ్వలేదు. ముందు వచ్చి నా ఎదుట ఒక కొమ్మ లాగి కొయ్యమన్నాను.