ఉద్యమ చరిత్రలో పాట: గ్రూప్స్ అభ్యర్థులతో నా ప్రిపరేషన్ అనుభవం

తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ ఆరో పేపర్‌కూ, గ్రూప్-2 నాలుగో పేపర్‌కూ విషయం ఒక్కటే: తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. సిలబస్ దానిని 1948–70, 1971–90, 1991–2014 అనే మూడు దశలుగా విభజించింది. ముల్కీ నిబంధనలు, పెద్దమనుషుల ఒప్పందం, ఆరు సూత్రాల పథకం, 610 జీవో వంటి వాటిని మనమందరం శ్రద్ధగానే చదువుతాం. కవులు, గాయకుల వంతు వచ్చేసరికి మాత్రం ఒకవైపు పేరు, మరోవైపు పాట పల్లవి ఉన్న పట్టికతో చాలామంది సరిపెట్టుకుంటున్నారు. ఆ పట్టిక ఆబ్జెక్టివ్ ప్రశ్నలకు కొంత పనికొస్తుంది గాని, వ్యాసరూప సమాధానానికి చాలదు. నేను పాటను ఉద్యమానికి అలంకారంగా కాక ఆధారంగా చదివాను. ఆ పద్ధతి నాకు సిలబస్ మొత్తాన్ని కలిపి చూసే వీలునిచ్చింది కాబట్టి దానిని మీతో పంచుకుంటున్నాను.

ప్రతి పాట దగ్గరా నేను అడిగినవి ఇవే: గాయకుడు ఏ సంఘం తరఫున పాడాడు, ఏ జానపద రూపాన్ని ఎంచుకున్నాడు, పాటలో ఎవరిని నిలదీశాడు, పాడినందుకు అతనికి ఏమైంది. చివరి ప్రశ్నకు దొరికే జవాబు ఆ కాలపు ప్రభుత్వ స్వభావాన్ని ఏ నిర్వచనం కంటే స్పష్టంగా చెబుతుంది.

ఆంధ్రప్రదేశ్ పరీక్షలు రాసేవారికి ఇది గరిమెళ్ల సత్యనారాయణతో మొదలవుతుంది. శ్రీకాకుళం ప్రాంతానికి చెందిన ఆయన సహాయ నిరాకరణోద్యమ కాలంలో రాసి పాడిన ‘మాకొద్దీ తెల్లదొరతనము’ ఊరూరా వ్యాపించింది. 1922లో ఆయనకు ఏడాది కఠిన కారాగార శిక్ష పడింది. విడుదలైన తరువాత కూడా ఆయన పాడటం మానలేదు, మళ్లీ జైలుకు వెళ్లారు. ఒక పాటకు ప్రభుత్వం జైలుశిక్ష వేసిందంటే, సభలకు రాని జనానికి, పత్రికలు చదవలేని జనానికి కూడా ఆ పాట చేరుతోందని పాలకులు గుర్తించారన్న మాట. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952లో, ఆయన మద్రాసులో కడు పేదరికంలో కన్నుమూశారు. ఈ చివరి వాక్యం మార్కుల కోసం అవసరం లేకపోవచ్చు, అయినా దానిని నోట్సులోంచి తీసివేయడానికి నాకు మనసొప్పలేదు.

నేను ఎక్కువ సమయం వెచ్చించింది 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటం మీద. హైదరాబాద్ సంస్థానంలో చదువు ఉర్దూలో సాగేది, గ్రామాల్లో అక్షరాస్యత చాలా తక్కువ, బహిరంగ సభలపై గస్తీ నిషాన్ 53 అనే నిజాం ప్రభుత్వ ఉత్తర్వు ఆంక్షలుండేవి. కరపత్రానికీ ఉపన్యాసానికీ దారి మూసుకుపోయిన చోట ఆంధ్ర మహాసభ సందేశాన్ని వెట్టి చేసే మనిషి దాకా మోసుకెళ్లింది పాటే. సుద్దాల హనుమంతు గొల్ల సుద్దులు, బుర్రకథ వంటి రూపాలను తీసుకుని, పాత కథ స్థానంలో దొర గడీనీ, వెట్టినీ, భూమినీ నిలబెట్టారు. ఆయన రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’ పసులు కాసే జీతగాడి బాల్యాన్ని గురించిన పాట. అందులో నినాదం కంటే జాలి ఎక్కువ కనబడుతుంది, అయినా వెట్టి వ్యవస్థను గురించి అడిగిన ప్రశ్నకు అంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. బండి యాదగిరి రాసిన ‘బండెనక బండి గట్టి’ దీనికి పూర్తిగా భిన్నమైనది. అది నేరుగా నిజాం ప్రభువునే నిలదీస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, దొరల ఆగడాలపై మొదలైన గ్రామీణ నిరసన నిజాం రాజ్యాధికారంపై పోరాటంగా ఎలా ఎదిగిందో పాఠ్యపుస్తకం సహాయం లేకుండానే అర్థమవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ‘బండెనక బండి గట్టి’ని ‘మా భూమి’ చిత్రంలో గద్దర్ పాడటం వల్ల, ఆయనే రచయిత అని చాలామంది గుర్తుపెట్టుకుంటారు. ‘పల్లెటూరి పిల్లగాడా’ను హనుమంతు కుమారుడు సుద్దాల అశోక్ తేజకు ఆపాదించేవారూ ఉన్నారు. జతపరచే ప్రశ్నల్లో మార్కులు పోయేది సరిగ్గా ఇటువంటి చోట్లనే.

బుర్రకథ నిర్మాణాన్ని కూడా ఒకసారి పరిశీలించండి. తంబురా పట్టిన కథకుడు మధ్యలో, గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు చెరోవైపు నిలుస్తారు. వంతల్లో ఒకరు హాస్యం నడిపితే, రెండోవారు కథ మధ్యలో వర్తమాన రాజకీయాలను ప్రస్తావిస్తారు. రాజకీయ వ్యాఖ్యకు నిర్దిష్టమైన స్థానం ఉన్న రూపం కనుకనే, 1943 తరువాత కమ్యూనిస్టు ఉద్యమ కళాసంస్థ ప్రజానాట్యమండలి దానిని అంత సులభంగా సొంతం చేసుకోగలిగింది. ఆ సంస్థలో తయారైన బుర్రకథ కళాకారుడు షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ లభించింది. తెలంగాణ పోరాటాన్ని ఇతివృత్తంగా తీసుకున్న ‘మా భూమి’ నాటకాన్ని ఆనాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కోస్తా జిల్లాల కళాకారులు తెలంగాణ రైతు పక్షాన నిలబడిన సందర్భంగా దీనిని గుర్తుంచుకోవాలి. రెండు ప్రాంతాల సంబంధాలను గురించి రాసేటప్పుడు ఈ ఒక్క వాస్తవం సమాధానానికి నిష్పాక్షికతను ఇస్తుంది.

శ్రీకాకుళ గిరిజనోద్యమంలో జముకుల కథ అనే జానపద కథాగాన రూపాన్ని ఆయుధంగా మలచిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసుల కాల్పుల్లో మరణించారు. ఆ నేలే తరువాత వంగపండు ప్రసాదరావును ఇచ్చింది. 1972లో రూపుదిద్దుకున్న విప్లవ కళాసంస్థ జననాట్యమండలి ద్వారా ఆయన, గద్దర్ పాటకు నృత్యాన్నీ వేషాన్నీ జోడించారు. గోచీ, భుజాన గొంగళి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు: గద్దర్ ఆహార్యం చూడగానే అది ఎవరి పక్షాన మాట్లాడే గొంతో శ్రోతకు తెలిసిపోయేది. గద్దర్‌గా పేరొందిన, తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్ రావు కెనరా బ్యాంకు ఉద్యోగం వదులుకుని పూర్తికాలం కళాకారుడయ్యారు, కొన్నేళ్లు అజ్ఞాతంలో ఉన్నారు, 1990లో బయటికి వచ్చినప్పుడు హైదరాబాద్ నిజాం కళాశాల మైదానంలో జరిగిన సభకు జనం పోటెత్తారు. 1997 ఏప్రిల్ 6న గుర్తు తెలియని వ్యక్తులు ఆయనపై కాల్పులు జరిపారు. ఒక తూటా చివరి వరకూ ఆయన శరీరంలోనే ఉండిపోయింది. 2023 ఆగస్టు 6న మరణించినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి, ఆ తరువాత రాష్ట్ర చలనచిత్ర పురస్కారాలకు ఆయన పేరే పెట్టారు. ఒకే మనిషి పట్ల రాజ్యం వైఖరి ఇంతగా మారడాన్ని వివరించగలిగితే, రెండో దశ నుంచి మూడో దశకు జరిగిన రాజకీయ పరిణామం మొత్తం మీ చేతికి వచ్చినట్లే.

మూడో దశలో నన్ను ఎక్కువగా కలచివేసిన పేరు బెల్లి లలిత. భువనగిరి ప్రాంతం నుంచి, సామాన్య కుటుంబం నుంచి వచ్చి, తెలంగాణ కళాసమితి వేదికలపై పాడిన ఆమెను 1999 మే నెలలో హత్య చేసి శరీరాన్ని ముక్కలు చేశారు. పార్టీల చరిత్ర మాత్రమే చదివేవారికి మలిదశ ఉద్యమం 2001లో తెలంగాణ రాష్ట్ర సమితి స్థాపనతో మొదలైనట్లు అనిపిస్తుంది. 1997 నాటి భువనగిరి సభ, వరంగల్ ప్రకటన, ఆ వెనుక నడిచిన కళాబృందాల శ్రమ, లలిత ప్రాణత్యాగం తెలిసినవారు అలా రాయలేరు.

2002లో కామారెడ్డిలో ఆరంభమై, రసమయి బాలకిషన్ వంటివారు ఊరూరికీ తీసుకెళ్లిన ఉద్యమ ఆటపాటల ప్రదర్శన ధూంధాం గురించి రాసేటప్పుడు, అది జనాన్ని సభకు రప్పించిందని చెప్పి ఊరుకోకండి. వేర్వేరు పార్టీలకు చెందిన కళాకారులు ఒకే వేదిక మీద నిలబడగలగడం దాని అసలు విశేషం. గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాటను తీసుకోండి. అది సరళీకరణ తరువాత కూలిపోయిన కులవృత్తుల గురించి, ఎండిపోయిన పల్లె గురించి పాడిన పాట. ప్రత్యేక రాష్ట్ర నినాదం దానికి కేంద్రం కాదు. అయినా ఉద్యమం దానిని తనదిగా స్వీకరించింది, ఎందుకంటే నీళ్లు, నిధులు, నియామకాలు అన్న డిమాండు వెనుక ఉన్న అనుభవం అదే. గూడ అంజయ్య ‘ఊరు మనదిరా’ కూడా అంతే. రైతాంగ పోరాటాల కోసం పుట్టి, కొన్ని దశాబ్దాల తరువాత రాష్ట్ర ఉద్యమంలో కొత్త అర్థంతో మోగింది. పాట పుట్టిన సందర్భాన్నీ, అది వాడుకలోకి వచ్చిన సందర్భాన్నీ విడివిడిగా రాసిన సమాధానంలో విశ్లేషణ ఉందని దిద్దేవారికి వెంటనే తెలుస్తుంది.

సమాధానంలో పాటను ఎక్కడ ఉంచాలన్నది తరచూ ఎదురయ్యే సందేహం. చరణాలు ఉటంకించి ముగించడం చాలామందికి అలవాటు. నా అనుభవంలో పది మార్కుల సమాధానానికి ఉన్న కొద్ది స్థలంలో పల్లవి పేరు చాలు; దానిని కారణాలు చర్చించే భాగంలో, ఒక వాదనకు సాక్ష్యంగా పెట్టాలి. వీలైనంత వరకు ఆ పాటల రికార్డింగులు వినండి. గొంతు, డప్పు, గుంపు అందుకునే తీరు విన్నాక రచయిత పేరు మరిచిపోవడం కష్టం.

రాష్ట్రం ఏర్పడిన తరువాతి భాగాన్ని నిజాయతీగా చదవాలి. ప్రభుత్వ కళాసంస్థ అయిన తెలంగాణ సాంస్కృతిక సారథి ద్వారా ఉద్యమ కళాకారులకు ప్రభుత్వ ఉద్యోగాలు వచ్చాయి, కొందరు చట్టసభలకు వెళ్లారు. బడికి పోకుండానే కవిగా ఎదిగిన అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ ఉద్యమ కాలంలో ప్రతి సభలోనూ వినిపించినా, రాష్ట్ర గీతంగా గుర్తింపు పొందడానికి 2024 వరకు ఆగవలసి వచ్చింది. 2025 నవంబరులో ఆయన మరణించారు. ప్రభుత్వ పథకాలను ప్రచారం చేసే ఉద్యోగిగా మారిన గాయకుడు, అదే ప్రభుత్వాన్ని నిలదీసే స్వేచ్ఛను నిలుపుకోగలడా అన్న ప్రశ్నకు నేను రెండు వైపులా రాసి సాధన చేశాను. పస్తులున్న కళాకారుడికి జీతం దక్కడం న్యాయమే, గరిమెళ్లకు జరిగినది తెలిసినవారెవరూ దానిని కాదనలేరు. అయితే ఉద్యోగంలో చేరిన గొంతులు చాలావరకు విమర్శకు దూరమయ్యాయన్నది నా అభిప్రాయం. మీ అభిప్రాయం వేరైతే దానినే రాయండి, కాని ఇటువంటి ప్రశ్నలో మధ్యస్థంగా తప్పించుకోకుండా, పైన చెప్పిన జీవితాల్లోంచి కనీసం ఇద్దరిని ఆధారంగా చూపించి రాయండి.