నీళ్ళు పట్టే జెల్: సీఎంసీ, సిట్రిక్ ఆమ్లం బ్యాచ్‌ల చిట్టా

మొక్కల కోసం నీళ్ళు పట్టి ఉంచేలా మట్టిలో కలిపే జెల్ అనగానే పొటాషియం పాలీఆక్రిలేట్ గుర్తొస్తుంది. పని బాగానే చేస్తుంది, కానీ దాన్ని ఇంట్లో తయారుచేయాలంటే ఆక్రిలిక్ ఆమ్లం కావాలి. 72 గ్రాముల ఆమ్లం పాలిమర్‌గా, అంటే చిన్న అణువులు కలిసిన పొడవైన గొలుసులుగా, మారేటప్పుడు సుమారు 77 కిలోజౌళ్ళ వేడి పుడుతుంది. 230 మి.లీ. నీళ్ళను 20 డిగ్రీల నుంచి మరిగే దాకా తీసుకెళ్ళడానికి అది చాలు. అంత వేడి కొన్ని నిమిషాల్లో బయటికొస్తే గిన్నెలోది చిమ్ముతుంది. మిగిలిపోయిన ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది. అందుకే ఈ చిట్టాలో ఉన్నవన్నీ సెల్యులోజ్, అంటే మొక్కల పీచు పదార్థం, నుంచి వచ్చిన బ్యాచ్‌లే. ముడిసరుకులు మూడు: సోడియం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, అంటే సీఎంసీ, హైడ్రాక్సీఇథైల్ సెల్యులోజ్, అంటే హెచ్ఈసీ, గొలుసుల్ని ముడివేయడానికి సిట్రిక్ ఆమ్లం.

సీఎంసీ ఆహారంలో వాడే రకమే తీసుకోవాలి, అందులోనూ బాగా చిక్కబడేది. గొలుసులు పొడవైనవైతే కొద్ది ముడులతోనే వల నిలుస్తుంది. డిటర్జెంట్ల కోసం అమ్మే రకంలో ఉప్పు చాలా మిగిలి ఉంటుంది, ఆ ఉప్పే ఉబ్బడాన్ని చంపేస్తుంది.

బ్యాచ్ 1. లీటరు నీళ్ళకు సీఎంసీ 15 గ్రాములు, హెచ్ఈసీ 5 గ్రాములు, సిట్రిక్ ఆమ్లం 0.75 గ్రాములు. ఆమ్లం మొత్తం పాలిమర్ బరువులో 3.75 శాతం. పొడులన్నీ ఒకేసారి పోశాం, ఉండలు కట్టింది. ఉండ పైభాగం తడిసి జిగురై లోపలికి నీళ్ళు పోనివ్వదు. గంటల తరబడి కలిపినా లోపల పొడి పొడిగానే ఉంటుంది. ఆ గంజిని పారబోయాల్సి వచ్చింది.

బ్యాచ్ 2. వరస మార్చాం. ముందు హెచ్ఈసీని సుడి తిరుగుతున్న నీళ్ళలో చల్లి, తేటపడే దాకా ఆగాం. తర్వాత సీఎంసీని చిటికెడు చిటికెడుగా చల్లాం. మూత పెట్టి రాత్రంతా వదిలేస్తే మిగిలిన నలుసులు కరిగి, గాలి బుడగలు కూడా పైకి తేలిపోయాయి. సిట్రిక్ ఆమ్లాన్ని కొద్ది నీళ్ళలో కరిగించి చివర్లో కలిపాం. పాలిమర్ పొడిని ముందుగా కొద్దిగా ఆల్కహాల్‌తో తడిపితే ఇంకా తేలిక, కాకపోతే దగ్గర్లో మంట ఉండకూడదు.

గంజి బాగా కుదిరింది, తప్పు ఓవెన్‌లో జరిగింది. లోతైన గిన్నెలో పోయడంతో పైన తోలు కట్టింది, అడుగు తడిగానే ఉండిపోయింది. నీళ్ళలో వేస్తే జెల్ నిలవకుండా జారుడు గంజి అయిపోయింది. కారణం తెలిస్తే దిద్దుకోవడం సులువు: సిట్రిక్ ఆమ్లం ముందు నీటిని కోల్పోయి అన్‌హైడ్రైడ్ అనే రూపానికి మారాలి, అప్పుడే సెల్యులోజ్ మీది హైడ్రాక్సిల్ (OH) గుంపుతో ఎస్టర్ అనే ముడి వేయగలదు. తడి మిగిలి ఉన్నంతసేపూ ఆ పని సాగదు. అంటే ఆరబెట్టడం, వేడి పట్టించడం రెండు వేర్వేరు దశలు, ఒకటిగా కలిపేయకూడదు.

బ్యాచ్ 3. అదే గంజిని సుమారు 2000 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం వచ్చేలా సిలికాన్ ట్రేలలో పోశాం, లోతు 5 మిల్లీమీటర్లు. 30 నుంచి 40 డిగ్రీల మధ్య రెండు రోజులు ఆరబెట్టాం. కాగితంలా పల్చని పొర వచ్చాక 80 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచాం. ఓవెన్ గుండీ మీది అంకెను నమ్మకుండా లోపల థర్మామీటరు పెట్టాలి. అల్యూమినియం ట్రే వద్దు, ఆమ్లం దాన్ని తింటుంది. స్టీలుకు పొర అతుక్కుపోయి ముక్కలుగా వస్తుంది. ఈ బ్యాచ్ నీళ్ళలో ఉబ్బి, ఆకారం చెడకుండా నిలిచింది.

బ్యాచ్ 4. ఆమ్లం 2 గ్రాములకు, అంటే 10 శాతానికి పెంచాం. జెల్ గట్టిగా, నొక్కితే విరిగేలా వచ్చింది, ఉబ్బడం బాగా తగ్గింది. ముడులు దగ్గర దగ్గరగా పడితే వల సాగదు. వేడి ఎక్కువైనా ఇంతే, పైగా పొర పసుపు తిరుగుతుంది. పొర రంగు చూసే అలవాటు చేసుకుంటే చాలా బ్యాచ్‌లు దక్కుతాయి.

ఇక కొలతలు. మొదటిది, ఎంత భాగం నిజంగా వలలో చేరిందో చూడడం. 1 గ్రాము ఎండు పొరను ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, రెండు మూడుసార్లు నీళ్ళు మార్చి, మళ్ళీ ఎండబెట్టి తూచాలి. 0.8 గ్రాములు మిగిలితే 80 శాతం చేరినట్టు. రెండోది ఉబ్బడం. 0.2 గ్రాముల జెల్‌ను నైలాన్ సంచిలో వేసి 500 మి.లీ. నీళ్ళలో ముంచి, గంట తర్వాత తీసి, పది నిమిషాలు వేలాడదీసి తూచాలి. అందులోంచి ఖాళీ తడి సంచి బరువును, ఎండు జెల్ బరువును తీసేసి, వచ్చినదాన్ని 0.2తో భాగించాలి. తడి సంచి బరువు తీయడం మరిచిపోతే అంకె ఉత్తినే పెరిగి కనిపిస్తుంది.

ఇదే పరీక్షను మూడు నీళ్ళలో చేయాలి: స్వేదన జలం, లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్ళు, చివరగా మొక్కలకు నిజంగా పోసే నీళ్ళు. మొదటి అంకె చూడముచ్చటగా ఉంటుంది, కానీ నేలకు పనికొచ్చేది మూడోదే. జెల్ గొలుసుల మీది కార్బాక్సిలేట్ గుంపుల రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడం, వాటితో ఉన్న సోడియం లోపలికి నీళ్ళను లాగడం, ఈ రెండింటి వల్లే ఉబ్బుతుంది. బయటి నీళ్ళలో ఉప్పు ఉంటే ఆ లాగుడు తగ్గుతుంది. మంచి నీళ్ళతో కడిగితే అది తిరిగి వస్తుంది. కాల్షియం అలా కాదు. ఒక్కో అయాను రెండు కార్బాక్సిలేట్లను పట్టుకుని కూర్చుంటుంది, మామూలు నీళ్ళతో కడిగినంత మాత్రాన సులువుగా వదలదు.

లెక్క వేస్తే విషయం ఇంకా స్పష్టం. మా పాళ్ళలో 1 గ్రాము జెల్‌కు సుమారు 2.6 మిల్లీమోళ్ళ కార్బాక్సిలేట్ ఉంటుంది. కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 300 మిల్లీగ్రాముల కఠినత్వం ఉన్న నీళ్ళలో, అదంతా కాల్షియమే అనుకుంటే, లీటరుకు 3 మిల్లీమోళ్ళ కాల్షియం ఉంటుంది. అంటే 430 మి.లీ. కఠిన జలంలో ఉన్న కాల్షియం ఆ గ్రాము జెల్‌ను మొత్తం నింపేయడానికి సరిపోతుంది. కుండీకి వారంలో పోసే నీళ్ళు అంతకంటే ఎక్కువే. కాబట్టి మొదటి నానబెట్టు వాన నీళ్ళతో చేయాలి, కాల్షియం నైట్రేట్, మెగ్నీషియం సల్ఫేట్ వంటి ఎరువులు జెల్ ఉన్న చోట పడకుండా చూడాలి.

కడిగిన పొరను అలాగే ఎండబెడితే గాజులా బిగుసుకుని, తిరిగి ఉబ్బడానికి చాలా సమయం తీసుకుంటుంది. చివరి కడుగు ఆల్కహాల్‌తో చేస్తే నీళ్ళు బయటికొచ్చి లోపల రంధ్రాలు మిగులుతాయి, ఉబ్బడం వేగం పుంజుకుంటుంది. పూర్తిగా ఎండకుండా మిక్సీలో వేస్తే బ్లేడుకు తోలులా చుట్టుకుంటుంది. జల్లెడ పట్టి 0.5 నుంచి 2 మిల్లీమీటర్ల పలుకులే ఉంచుకుంటున్నాం. మరీ నలిగిన పొడి తడవగానే ఒక ముద్దై మట్టిలో గాలి దారులు మూసేస్తుంది.

కుండీ పరీక్షకు కిలో ఎండు ఇసుక మట్టిలో 3 గ్రాములు కలిపాం, పక్కన జెల్ లేని కుండీ. రెండింటికీ ఒకే కొలత నీళ్ళు, రోజూ ఒకే వేళకు తూకం. పైన మూడు నాలుగు వేళ్ళ మందం ఖాళీ వదలాలి, లేకపోతే మట్టి ఉబ్బి అంచు దాటి పొర్లుతుంది. మట్టి బరువు కింద జెల్ సంచిలో ఉబ్బినంత ఉబ్బదు. జెల్‌ను మట్టి పైన చల్లితే వృథా. ఎండకు చెడిపోతుంది, పట్టిన నీళ్ళు గాలికే పోతాయి. వేరు చేరే లోతులో ఉండాలి. ఈ జెల్ సెల్యులోజ్ కాబట్టి మట్టిలోని సూక్ష్మజీవులు నెమ్మదిగా తినేస్తాయి. శాశ్వతంగా నిలవదు గానీ ప్లాస్టిక్ ముక్కలు మాత్రం మిగలవు.

పొలం మొత్తానికి వేయాలన్న ఆలోచన లెక్కలోనే ఆగిపోతుంది. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 900 టన్నులు. 0.2 శాతం కలపాలన్నా 1.8 టన్నుల జెల్ కావాలి. అదే 30 సెంటీమీటర్ల చదరపు గుంటలో, అంతే లోతున, ఉండే మట్టి సుమారు 40 కిలోలు. దానికి 40 నుంచి 80 గ్రాములు చాలు. కాబట్టి మొక్క పాదులో, లేదా విత్తే సాలు వెంట మాత్రమే.

తర్వాతి బ్యాచ్‌లో ఆమ్లం 3 శాతానికి దించి, వేడి పట్టించే సమయం అలాగే ఉంచి, కఠిన జలంలో పది తడి, పది ఎండు చుట్ల తర్వాత బరువు ఎంత నిలుస్తుందో నమోదు చేయాలి.