పచామ్యన్నం: లోపల వండేది ఆయనే

మా తాతగారు అన్నం ముందు కూర్చోగానే చేతిలోకి నీళ్లు తీసుకుని విస్తరి చుట్టూ తిప్పేవారు. 'అమృతోపస్తరణమసి' అంటూ ఆ నీళ్లు కాస్త పుచ్చుకుని, నెయ్యి తగిలిన మెతుకులు నాలుగేసి చొప్పున 'ప్రాణాయ స్వాహా, అపానాయ స్వాహా' అని ఐదుసార్లు, పంటికి తగలకుండా మింగేవారు. స్వాహా అనేది హోమంలో కదా, అన్నం దగ్గర ఎందుకని అడిగాను. పొట్ట మీద చెయ్యి వేసుకుని, "ఇక్కడా అగ్నిహోత్రుడే ఉన్నాడురా" అన్నారు.

గీత పదిహేనో అధ్యాయం చదివేదాకా ఆ మాట నాకు ఎక్కలేదు.

అహం వైశ్వానరో భూత్వా ప్రాణినాం దేహమాశ్రితః
ప్రాణాపానసమాయుక్తః పచామ్యన్నం చతుర్విధమ్

అన్నం అరిగించే వైశ్వానరాగ్నినై ప్రాణుల దేహాల్లో ఉండి, ప్రాణాపానాలతో, అంటే లోపలికీ బయటికీ ఆడే ఊపిరితో కలిసి, నాలుగు రకాల అన్నాన్నీ నేనే పచనం చేస్తున్నాను అంటున్నాడు స్వామి. కొరికే గారె, మింగే పాయసం, నాకే తేనె, పీల్చే చెరకు, అన్నీ ఆ పొయ్యిలోకే.

నన్ను పట్టేసింది మాత్రం 'ప్రాణాపానసమాయుక్తః' అన్న మాట. అన్నం అరిగి గ్లూకోజుగా మారి ఒక్కో కణంలోకి చేరుతుంది. అక్కడ శక్తిని తయారుచేసే భాగమైన మైటోకాండ్రియాలో, మనం పీల్చిన ఆక్సిజన్ తోడైతేనే దాంట్లోని శక్తి పూర్తిగా బయటికొస్తుంది. ఒంట్లో 37 డిగ్రీల వెచ్చదనం అందులోదే. కడుపు నిండా అన్నం ఉన్నా, కొన్ని నిమిషాలు ఊపిరి ఆడకపోతే ఆ మంట ఆరిపోతుంది. గీతను సైన్సు పుస్తకం చేయాలని కాదు. ఊపిరినీ ఆకలినీ ఒకే వాక్యంలో కలిపి చెప్పడం చూస్తే ఒళ్లు పులకరిస్తుంది, అంతే.

దీనికి ముందున్న రెండు శ్లోకాలూ కలిపి చదవండి. సూర్యుడిలోని తేజస్సు నాదే అంటాడు. తర్వాత, రసమయుడైన చంద్రుడినై ఓషధులను, అంటే మొక్కలను పోషిస్తున్నాను అంటాడు. ఆ తర్వాతే వైశ్వానరుడు. ఎండ ఆకులోకి, ఆకు గింజలోకి, గింజ మన విస్తట్లోకి వచ్చే దారి కూడా ఇదే వరస.

మొన్న మొలకల కోసం కట్టిన కిలో పెసల మూట విప్పబోతే చేతికి వెచ్చగా తగిలింది. పొయ్యి దగ్గర పెట్టలేదు, ఎండ తగల్లేదు. గింజలు తమలో దాచుకున్న పిండిని ఊపిరితో కలిపి ఖర్చుపెట్టుకుంటున్నాయి, ఆ వేడి అది. 'ప్రాణినాం' అన్నాడు, 'మనుష్యాణాం' అనలేదు. మూట విప్పకుండా రెండు చేతుల మధ్యా పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను.